దూరాన పేలిన బాంబు, దగ్గరి భయము

2013 ఫిబ్రవరి 21 సాయంకాలము హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సుస్టాపు సమీపమున రెండు బాంబులు పేలినవి. అంతకు పూర్వము, 2007 ఆగస్టు 25న, కోఠీలోని గోకుల్ చాట్ వద్దను, లుంబినీ పార్కులోను జరిగిన పేలుళ్లకు 42 మంది బలియైరి. దిల్‌సుఖ్‌నగర్ అనగా హాస్టళ్లు, కోచింగు కేంద్రములు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు ఎందరో అచ్చట చదువుకొనుచుండిరి. కాబట్టి ఆ రాత్రి భయము వందల కిలోమీటర్లు దాటి మన ఇండ్లకు వచ్చినది.

మా వీధిలో ఒక తల్లి, కుమారుడు క్షేమమని ఫోనులో విన్నది. అయినను మూడు రాత్రులు ఆమెకు కునుకు లేదు. సైకిలు ట్యూబు పేలినను ఉలికిపడెడిది. ఇది పిరికితనమా? కానే కాదు.

మెదడులో ఇరువైపుల బాదంపప్పు ఆకారముగల అమిగ్డలా అను భాగము కలదు. అపాయమును పసిగట్టుట దాని పనులలో ముఖ్యమైనది. అది హెచ్చరించగానే మూత్రపిండములపైనున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను, కొంత ఆలస్యముగా కార్టిసాల్‌ను రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, నిద్ర దూరమగును. ఎలుగుబంటి ఎదురైనప్పుడు ఇవన్నియు ప్రాణము కాపాడును. మరి టెలివిజన్ ముందు కూర్చున్న తల్లి ఎచ్చటికి పరుగెత్తును? పైగా అదే దృశ్యము పదేపదే కనబడుచుండ, శరీరము సద్దుమణుగుటకు వ్యవధియే లేదు.

2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ పరుగుపందెమున బాంబులు పేలిన పిదప ఒక పరిశోధన జరిగినది. ఆ వారములో రోజుకు 6 గంటలు, అంతకు మించి ఆ వార్తలలో మునిగినవారిలో ఒత్తిడి లక్షణములు, పేలుడును స్వయముగా ఎదుర్కొన్నవారిలోకంటె అధికముగా కనబడినవి! వార్తలే కారణమని దీనివలన తేలిపోదు. భయపడినవారే ఎక్కువ చూచియుండవచ్చును. ఏమైనను, నాలుగవనాడు ఆమె కుమారుడు ఫోను చేసి, "అమ్మా, ముందు ఆ టీవీ కట్టేయ్" అన్నాడట. శాస్త్రము చదివి చెప్పినమాట కాదది.

తరగతిలో ఉపాధ్యాయుడు చేయదగినది కొంత కలదు. పిల్లలు అడిగినచో తెలిసినంత నిజము చెప్పవలెను. మాటలాడదలచినవారిని మాటలాడనీయవలెను, బలవంతముగా అంతయు చెప్పించుట మేలుచేయదు. పాఠములు, ఆటలు ఎప్పటివలె సాగవలెను. అట్టి దినములలో ఒక మతమునకు చెందిన పిల్లవానివైపు తరగతి అంతయు తిరిగి చూచుట కద్దు. వాని భయమును ఎవరు గమనింతురు? ఉపాధ్యాయుడే గమనింపవలెను.

ఈ భయము చాలమందిలో తనంతట తానే తగ్గును. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి పోజాలకుండుట నెలకు మించి వేధించినచో ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతయేమో చూడవలెను. 2001 సెప్టెంబరు దాడుల తరువాత న్యూయార్కులోని మన్‌హట్టన్ వాసులలో ఇట్టి లక్షణములు తొలుత నూటికి 7.5 మందిలో కనబడగా, 6 నెలలకు 0.6కు దిగినవి. తగ్గనివారు మానసిక వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.