పాత యింటి బేరము – నేలక్రింది తొట్టి

పట్నమున కొలువుచేయు కుమారునికై దిల్‌సుఖ్‌నగరులోనో, ఎల్.బి. నగరులోనో పాత యిల్లు బేరమాడవచ్చు పెద్దలు గోడలు తట్టిచూతురు, వాస్తు విచారింతురు; కాలిక్రింద నేమున్నదో మాత్ర మడుగరు.

వీధికి మురుగుగొట్టము రాకమునుపు కట్టిన యిండ్లలో ఆవరణమందే సెప్టిక్ ట్యాంకు త్రవ్వుకొనెడివారు. గొట్టము వచ్చినపిదప కొందరు దానిని పూడ్పక, పైన బండలు పరచి మరచిరి. లోపలి వాయువు తేమతో ఆమ్లమై కప్పులోని సిమెంటును, ఇనుమును తినివేయును. దానిపైననే కారు నిలుపుదురు! మంచినీటి సంపు ప్రక్కనేయున్నచో, పగుళ్లగుండ మురుగు త్రాగునీట కలియు భయము వేరు.

కొనువాడు సామాన్య జాగ్రత్తతో కనుగొనజాలని పెద్దలోపమును, తా నెరిగినయెడల, అమ్మువాడు చెప్పితీరవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను విధించుచున్నది. అయితే చేతులు మారిన యింటిలో అమ్మువాడే యెరుగకపోవచ్చును. కావున బయానా యీయకమునుపే అడిగి, మూత తీయించిచూచి, జవాబును అగ్రిమెంటులో వ్రాయించుకొనుడు. అతనిచేతనే పూడ్పించుటకంటె, మేస్త్రీచే ఖర్చు లెక్కగట్టించి ధర తగ్గించుకొనుట మేలని నా తలంపు. పోవువాడు పైపైన మన్ను పోసి పోవును.

ఎవడు దిగెదనన్నను మనిషిని లోనికి దింపరాదు. ఆ వాయువు క్షణములో ప్రాణము తీయును. రక్షణసాధనములు లేక దింపించుట 2013 నాటి చట్టముచే నేరము. యంత్రపుబండితో తోడించి, కప్పు కూల్చి, నీరు నిలువకుండ అడుగు పగులగొట్టించి, మొరము పొరలుపొరలుగ పోయించి దిమ్మిస వేయింపవలయును.