కనబడని చోట పనిచేయడం: పెద్ద సంస్థలో రిమోట్ ఇంటర్న్‌షిప్

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• కార్యాలయంలో చేసే ఇంటర్న్‌షిప్‌కు, ఇంటినుంచి చేసే ఇంటర్న్‌షిప్‌కు గల తేడాను వివరించగలుగుతారు.
• పని అప్పగించినప్పుడు, పని మధ్యలో ఆగిపోయినప్పుడు ఏమి అడగాలో, ఎలా అడగాలో తెలుసుకుంటారు.
• సంస్థ సమాచారాన్ని కాపాడటంలో మీ బాధ్యతను గుర్తిస్తారు.
• నకిలీ ఇంటర్న్‌షిప్‌లను గుర్తుపట్టగలుగుతారు.

1. విషయ పరిచయం

1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తరగతి గదికి రోజూ వెళ్లకుండా చదువు ఎలా వస్తుందన్న సందేహానికి ఆ తరువాత డిగ్రీ పూర్తిచేసిన లక్షలాది విద్యార్థులే జవాబు. ఇప్పుడు అలాంటి సందేహమే మరొకటి మన ముందుంది. కార్యాలయంలో అడుగుపెట్టకుండా పని నేర్చుకోవడం సాధ్యమేనా?

చదువుకుంటున్నప్పుడో, చదువు ముగిసిన వెంటనో ఒక సంస్థలో నిర్ణీత కాలం పనిచేస్తూ అనుభవం సంపాదించడాన్ని ఇంటర్న్‌షిప్ అంటాం. సంస్థకు వెళ్లకుండా కంప్యూటరు, ఇంటర్నెట్టు సాయంతో ఇంటినుంచే చేస్తే అది రిమోట్ ఇంటర్న్‌షిప్. దూరంనుంచి పనిచేయడమనే ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన జాక్ నిలెస్ 1973లోనే దీనికి 'టెలికమ్యూటింగ్' అని పేరు పెట్టాడు. అయితే అది ఇంటింటి మాట అయింది మాత్రం కోవిడ్ కాలంలోనే. మన దేశంలో 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ వేసవిలో గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు తమ ఇంటర్న్‌షిప్‌లను ఆన్‌లైన్‌కు మార్చాయి. తరువాత చాలా సంస్థలు ఉద్యోగులను తిరిగి కార్యాలయాలకు పిలిచినా, ఖాతాల పరిశీలన, డేటా పని, అనువాదం, సాఫ్ట్‌వేర్ వంటి రంగాల్లో ఇంటినుంచి చేసే ఇంటర్న్‌షిప్‌లు కొనసాగుతున్నాయి.

ఉద్యోగం చేస్తూనో, ఇల్లు చూసుకుంటూనో చదివే మీలో చాలామందికి ఇది మంచి అవకాశం. నగరంలో గది అద్దెకు తీసుకోనక్కరలేదు. కాని ఈ అవకాశంలో ఒక చిక్కు ఉంది. దాన్ని ముందుగా అర్థంచేసుకోవాలి.

2. చూసి నేర్చుకోవడం, అడిగి నేర్చుకోవడం

పనివాళ్లు పని ఎలా నేర్చుకుంటారన్న విషయంపై జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ఒక ముఖ్యమైన పుస్తకం ప్రచురించారు. అందులో లేవ్ పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశపు దర్జీలను పరిశీలించి చెప్పిన సంగతి ఒకటుంది. కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటిరోజే గుడ్డ కత్తిరించడం నేర్పరు. గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం వంటి చివరి పనులతో మొదలుపెడతారు. కత్తిరింపు అన్నిటికన్నా చివర వస్తుంది. గుండీ తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు. గుడ్డ తప్పు కత్తిరిస్తే ఆ నష్టం పూడదు.

ఇక్కడ మనం గమనించవలసింది మరొకటి ఉంది. గుండీలు కుడుతున్న ఆ కుర్రవాడు కొట్లోనే కూర్చుని ఉంటాడు. కొలతలు తీసుకోవడం, గుడ్డ కత్తిరించడం, గిరాకీ వచ్చి బేరమాడటం అన్నీ అతని కళ్లముందే జరుగుతాయి. తన గుండీ ఏ చొక్కాకు చేరుతుందో అతనికి తెలుసు. ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే సగం పని కళ్లతో నేర్చుకుంటాడు.

రిమోట్ ఇంటర్న్‌కు గుండీలు మాత్రమే అందుతాయి, కొట్టు కనబడదు. ఒక ఫైలు వస్తుంది, దాన్ని సరిచేసి పంపాలి. అది ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి వెళుతుందో, పక్కసీటులోని మనిషి అదే పని ఎంత సులువుగా చేస్తున్నాడో తెలియదు. కాబట్టి కార్యాలయంలో కళ్లతో నేర్చుకునేదాన్ని ఇక్కడ నోటితో, రాతతో నేర్చుకోవాలి. అంటే అడగాలి. అడగకపోతే ఏమవుతుందో తరువాతి భాగంలోని ఉదాహరణ చెబుతుంది.

3. ఒక ఉదాహరణ: మూడు రోజుల మౌనం

పదవీ విరమణ తరువాత నేను ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం కౌన్సెలింగ్ తరగతులు తీసుకున్నాను. అక్కడ బి.కాం. చదువుతున్న ఒక అమ్మాయికి ఒక పెద్ద సంస్థ ఖాతాల విభాగంలో రిమోట్ ఇంటర్న్‌షిప్ దొరికింది. సంస్థ కొనుగోలు రిజిస్టరులోని బిల్లులను జీఎస్‌టీఆర్-2బి పట్టికతో సరిపోల్చడం ఆమె పని.

వాణిజ్యశాస్త్రం చదవనివారికోసం ఒక మాట. సరుకు అమ్మినవారు తాము ఇచ్చిన బిల్లుల వివరాలను జీఎస్‌టీ పోర్టల్‌లో నమోదు చేస్తారు. వాటి ఆధారంగా కొన్న సంస్థకు ప్రతినెలా 14వ తేదీన తయారయ్యే పట్టికే 2బి. అందులో కనిపించే బిల్లుల మీదనే, కొనుగోలుపై కట్టిన పన్నును తిరిగి జమగా వాడుకునే వీలుంటుంది. నెలనెలా రిటర్ను వేసే సంస్థలకు సాధారణంగా గడువు 20వ తేదీ. అంటే సరిపోల్చడానికి ఉండేది ఐదారు రోజులే.

ఆమెకు 15వ తేదీన 640 బిల్లుల ఫైలు అందింది. ఎక్సెల్ సూత్రం వేస్తే మూడోవంతు బిల్లులే సరిపోయాయి. కారణం చిన్నదే. సంస్థ రిజిస్టరులో 0412 అని ఉన్న బిల్లు, అమ్మినవారి నమోదులో ముందు అక్షరాలతో ఎస్‌ఆర్/412 అని ఉంది. మనిషికి అవి రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. ఆమె మిగిలిన బిల్లులను ఒక్కొక్కటిగా కంటితో చూస్తూ కూర్చుంది. 'ఎలా ఉంది పని?' అని పైఅధికారిణి రెండుసార్లు మెసేజ్ పెడితే, రెండుసార్లూ 'చేస్తున్నాను మేడమ్' అని జవాబిచ్చింది.

18వ తేదీ సాయంత్రం అసలు విషయం బయటపడింది. ఆ విభాగంలో ఈ చిక్కు ప్రతినెలా వచ్చేదే. బిల్లు నంబరుకు బదులు అమ్మినవారి జీఎస్‌టీ నంబరు, పన్ను మొత్తం జతచేసి సరిపోల్చే పట్టిక వారిదగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇద్దరు ఉద్యోగులు ఆ రాత్రి కూర్చుని పని ముగించారు. గడువు తప్పలేదు.

ఆ ఆదివారం ఆమె నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. 'సార్, నన్ను ఎవరూ తిట్టలేదు. కాని ఆ తరువాత నాకు ఏ పనీ ఇవ్వలేదు.'

ఆమెకు తెలివి తక్కువై ఇలా జరగలేదు. అడిగితే చేతకాదనుకుంటారేమో అన్న భయంతో నోరు మెదపలేదు. కార్యాలయంలో అయితే ఆమె ముఖం చూసి పక్కవారు 'ఏమ్మా, ఆగిపోయావా?' అని అడిగేవారు. దూరంలో ముఖం కనబడదు. అక్కడ మౌనానికి ఒకటే అర్థం: పని సజావుగా సాగుతోందని. అది అబద్ధమని తేలినప్పుడు పోయేది నమ్మకం.

4. పని అందినప్పుడు వేయవలసిన నాలుగు ప్రశ్నలు

ఏ రంగంలోనైనా పని చేతికి అందగానే ఈ నాలుగూ అడగండి.

(అ) ఈ పని ఎవరికి చేరుతుంది, వారు దానితో ఏమి చేస్తారు?
(ఆ) ఎప్పటికి కావాలి? మధ్యలో ఒకసారి చూపించాలా?
(ఇ) పని పూర్తయిందని దేన్నిబట్టి అనుకోవాలి?
(ఈ) ఇంతకుముందు చేసిన నమూనా ఒకటి ఇవ్వగలరా?

నాలుగో ప్రశ్న ఒక్కటి 15వ తేదీన అడిగి ఉంటే పై ఉదాహరణలోని అమ్మాయికి పాత నెల పట్టిక దొరికేది. మూడు రోజుల శ్రమ ఒక పూటలో ముగిసేది.

పెద్ద సంస్థలో ఏ ప్రశ్న ఎవరిని అడగాలన్నది కూడా తెలియాలి. పని అప్పగించేది, అంచనా వేసేది మేనేజరు. పని చేసే పద్ధతి చెప్పేది మెంటరు. స్టైపెండ్, సెలవు, ధృవపత్రం వంటివి మానవ వనరుల విభాగానివి. లాగిన్, పాస్‌వర్డ్, లాప్‌టాప్ ఇబ్బందులు సాంకేతిక సహాయ విభాగానివి. చేరిన మొదటి రోజే ఈ నలుగురి పేర్లు, వారిని సంప్రదించే మార్గం మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

బృందంలో విదేశాల్లో ఉన్నవారు ఉంటే సమయం విషయంలో జాగ్రత్త అవసరం. మన గడియారం న్యూయార్కు కంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. 'రేపు ఉదయం పదింటికి' అని ఎవరైనా రాస్తే అది ఎవరి ఉదయమో అడిగి తెలుసుకోండి.

5. ఆగిపోయినప్పుడు అడిగే తీరు

ప్రతి చిన్నదానికీ వెంటనే అడగనక్కరలేదు. ముందు మీరే ప్రయత్నించండి. నేను విద్యార్థులకు చెప్పే లెక్క ఇది: అరగంట గట్టిగా ప్రయత్నించినా ముందుకు సాగకపోతే ఇక అడగండి. అయితే 'నాకు రావడం లేదు' అని మాత్రం రాయకండి. అలా రాస్తే ఎదుటివారు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక జవాబు వాయిదా వేస్తారు. మీ సందేశంలో ఏమి చేస్తున్నారు, ఎంతవరకు అయింది, ఎక్కడ ఆగింది, మీకు తోచిన దారి ఏమిటి అనేవి ఉండాలి. పై ఉదాహరణకు తగిన సందేశం ఇలా ఉండవచ్చు:

'నమస్కారం మేడమ్. కొనుగోలు రిజిస్టరును 2బితో సరిపోలుస్తున్నాను. 640 బిల్లుల్లో 210 సరిపోయాయి. మిగిలినవాటిలో చాలావరకు పన్ను మొత్తం ఒకటే ఉన్నా బిల్లు నంబరు రాసిన తీరు వేరుగా ఉంది. మన దగ్గర 0412, వారి నమోదులో ఎస్‌ఆర్/412. జీఎస్‌టీ నంబరు, పన్ను మొత్తం ఆధారంగా జతచేయవచ్చా? మీ జవాబు వచ్చేలోగా మొదటి 50 బిల్లులు అలా చేసి చూస్తున్నాను.'

దీన్ని చదివిన అధికారిణి 'అవును' అని ఒక్క ముక్కలో జవాబివ్వగలదు. పైగా, ఈ అమ్మాయికి పని అర్థమైందని కూడా గ్రహిస్తుంది. చక్కగా వేసిన ప్రశ్న మీ చేతకానితనాన్ని చూపదు, మీ ఆలోచనను చూపుతుంది.

దీనికి తోడు రోజూ పని ముగించేముందు మూడు వాక్యాలు రాసి పంపండి: ఈరోజు ఏమి చేశాను, రేపు ఏమి చేస్తాను, ఏది అడ్డుగా ఉంది. ఆ అమ్మాయి తరువాతి వారంనుంచి ఎవరూ అడగకపోయినా ఇలా రాయడం మొదలుపెట్టింది. పది రోజులకు మళ్లీ చిన్న పని వచ్చింది. తరువాతి నెల 2బి ఫైలు తిరిగి ఆమెకే ఇచ్చారు. ఆ సంస్థలో ఆమెకు ఉద్యోగం రాలేదు. కాని ఆ మూడు వాక్యాల కాగితాలన్నీ దాచుకుని, మరోచోట ఇంటర్వ్యూలో తాను చేసిన పనిని అంకెలతో సహా చెప్పగలిగింది. ఇప్పుడు ఒక ఆడిటరు కార్యాలయంలో పనిచేస్తోంది.

6. సంస్థ సమాచారం, మీ బాధ్యత

చేరేటప్పుడు మీచేత గోప్యతా ఒప్పందంపై సంతకం చేయిస్తారు. దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి. ఇంట్లో పనిచేసేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి.

• సంస్థ ఫైళ్లను మీ సొంత మెయిలుకు, వాట్సాప్‌కు పంపుకోవద్దు.
• ఇంట్లో అందరూ వాడే కంప్యూటరులో పాస్‌వర్డ్ భద్రపరచవద్దు. నెట్ సెంటరులో సంస్థ పని తెరవవద్దు.
• అనుమతి లేకుండా సంస్థ సమాచారాన్ని చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ సాధనాల్లో పెట్టవద్దు. ఉద్యోగులు అంతర్గత సమాచారాన్ని అలా పెట్టినట్లు తెలిసిన తరువాత శాంసంగ్ సంస్థ 2023లో ఆ సాధనాల వాడకంపై ఆంక్షలు విధించింది.
• ఇంటర్న్‌షిప్ నివేదికలో పేర్లు, మొత్తాలు రాయవలసివస్తే ముందుగా మేనేజరు అనుమతి తీసుకోండి.

కరెంటు, నెట్ పోవడం మన ఊళ్లలో మామూలే. అది తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. ఫోనునుంచి ఒక్క సందేశం పెడితే సరిపోతుంది.

7. నకిలీలను గుర్తించడం

సంస్థ కనబడదు గనుక మోసానికీ వీలెక్కువ. పేరున్న సంస్థ లోగో అతికించిన ఉత్తరం పంపి, రిజిస్ట్రేషను రుసుమనో, లాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడుగుతారు. చేరడానికి మీరే డబ్బు కట్టాలంటే అక్కడే ఆగండి. ఉత్తరం వచ్చిన మెయిలు చిరునామా సంస్థ అధికారిక చిరునామాతో సరిపోతుందో లేదో చూడండి. సంస్థ వెబ్‌సైటులోని ఉద్యోగాల పేజీలో ఆ ప్రకటన ఉందో లేదో వెతకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

నమ్మదగిన మార్గాలూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని ప్రారంభించింది. పెద్ద సంస్థల్లో 12 నెలల ఇంటర్న్‌షిప్, నెలకు 5,000 రూపాయలు, ఒకసారి ఇచ్చే 6,000 రూపాయలు అప్పటి నిబంధనలు. అప్పటి వయసు పరిమితి 21నుంచి 24 ఏళ్లు. పూర్తికాలం కళాశాలలో చదివేవారికి అప్పుడు అందులో అర్హత లేదు, దూరవిద్యలో చదివేవారికి ఉండేది. అయితే కనీసం సగం కాలం నిజమైన పనిచోట గడపాలన్నది అందులోని అప్పటి నియమం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు అధికారిక పోర్టల్‌లో చూసుకోండి.

సగం కాలం పనిచోట ఉండాలన్న ఆ నియమంలో న్యాయం ఉంది. మీ ఇంటర్న్‌షిప్ పూర్తిగా ఇంటినుంచే అయినా, వీలుంటే రెండు మూడు రోజులు కార్యాలయానికి వస్తానని అడగండి. కొట్టును ఒకసారి కళ్లతో చూస్తే గుండీల పని మరింత అర్థమవుతుంది.

8. సారాంశం

దూరంనుంచి పనిచేసేవారికి చూసి నేర్చుకునే వీలు తక్కువ. ఆ లోటును ప్రశ్నలతో, రోజువారీ రాతతో పూరించుకోవాలి. పాఠం చదివి, సందేహం రాసుకుని, ఆదివారం వరకు దాచుకుని వచ్చి అడగడం మీకు ఇప్పటికే అలవాటు. ఇంటర్న్‌షిప్‌లో కూడా ఆ అలవాటే పనికివస్తుంది. ఒక్కటే మార్పు: సందేహాన్ని ఆదివారం వరకు దాచకండి.

స్వయం సమీక్ష ప్రశ్నలు

1. లైబీరియా దర్జీల ఉదాహరణ ఆధారంగా రిమోట్ ఇంటర్న్‌కు ఎదురయ్యే ప్రధాన లోటును వివరించండి.
2. పని అప్పగించినప్పుడు అడగవలసిన నాలుగు ప్రశ్నలు ఏవి?
3. మీరు ప్రస్తుతం చదువుతున్న ఒక పాఠంలో అర్థంకాని అంశాన్ని ఎంచుకుని, ఐదో భాగంలోని నమూనాలో మీ కౌన్సెలరుకు ఒక సందేశం రాయండి. రాసి ఊరుకోకండి, పంపండి.