ఉక్కు బంతికి 15 కోపెక్కులు

నాణెం వేస్తే యంత్రం గరగరమంటుంది, అద్దం వెనక దీపాలు వెలుగుతాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సోవియట్ ఆటయంత్రాల మ్యూజియంలో వస్తువులను తాకవచ్చు, ఆడవచ్చు. టికెట్టుతో పాటు అగ్గిపెట్టెలో పోసి ఇచ్చే పాత 15 కోపెక్కుల నాణేలే ఇక్కడ చెల్లుబాటు. సోవియట్ కాలంలో మెట్రో ప్రయాణం 5 కోపెక్కులు. అంటే ఒక్క ఆటకు మూడు ప్రయాణాల ఖర్చు! పిల్లలు ఆ నాణేన్ని ఎంత ఆలోచించి వేసి ఉంటారో.

ఈ ఆటయంత్రాల్లో ఒకటైన పిన్‌బాల్ పుట్టిల్లు అమెరికా. వాలుబల్ల మీద ఉక్కు బంతి దొర్లుతుంటే చూస్తూ కూర్చోవడమే మొదట్లో ఆట. 1947లో షికాగోలోని గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ యంత్రానికి ఫ్లిప్పర్లు బిగించాక, జారిపోయే బంతిని తిరిగి పైకి కొట్టే వీలు ఆటగాడి వేళ్లకు వచ్చింది. అయినా జూదమనే ముద్ర పోలేదు. 1942లో పెట్టిన నిషేధాన్ని న్యూయార్క్ నగరం 1976 దాకా ఎత్తివేయలేదు. సోవియట్ యూనియన్‌లో ఈ చిక్కు లేకుండా చూశారు. గెలిస్తే డబ్బు రాలదు, మరో ఆట ఉచితం. ఆటకు ఇంతకన్నా న్యాయమైన బహుమానం నాకు తోచదు.

1971లో మాస్కోలో ‘అట్రాక్షన్-71’ అనే ప్రదర్శన జరిగింది. విదేశీ యంత్రాలు చూసి జనం విరగబడ్డారు. ఆ తర్వాత వాటి నమూనాలతో సొంత యంత్రాలు తయారు చేసే పని రక్షణ కర్మాగారాలకు అప్పగించారు. సున్నితమైన విద్యుత్ పరికరాలు చేయగల నేర్పు ఉన్నది అక్కడే. పెరిస్కోపులో కన్నుపెట్టి ఓడలపైకి టార్పెడోలు వదిలే ‘మోర్‌స్కోయ్ బోయ్’ అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది. ‘సిర్క్’ అనే పిన్‌బాల్ కూడా వచ్చింది.

నన్ను కట్టిపడేసినవి మాత్రం క్రీడల యంత్రాలు. ‘గొరొద్కీ’నే తీసుకోండి. అది రష్యా పల్లెల పాత ఆట, మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం. రెండు మీటర్ల చదరంలో ఐదు కొయ్యదిమ్మెలను ఫిరంగిలా, నక్షత్రంలా పేరుస్తారు. 13 మీటర్ల దూరం నుంచి కర్ర విసిరి వాటిని చదరం దాటించాలి. ఒక్క దిమ్మె చదరం దాటితే చాలు, మిగతా వాటికి 6.5 మీటర్ల దగ్గర నుంచే విసరవచ్చు. అలాంటివి 15 ఆకృతులు. ఇంత విశాలమైన మైదానపు ఆటను యంత్రం ఒక తెర మీదికి తెచ్చేసింది! అరువు నమూనాల మధ్య ఇది అచ్చంగా ఆ నేలది.

సోవియట్ యూనియన్ కూలాక యంత్రాలు పార్కుల్లో, పిల్లల శిబిరాల్లో తుప్పు పట్టాయి. మాస్కో సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదివిన ముగ్గురు మిత్రులు వాటిని ఏరి తెచ్చి, ఒకదాని భాగాలు మరొకదానికి అమర్చి బతికించారు. 2007లో మాస్కోలో, నేలమాళిగలోని పాత బాంబు రక్షణ గదిలో మ్యూజియం మొదలైంది. 2013లో పీటర్స్‌బర్గ్ శాఖ తెరిచారు.

ఈ శాఖ కొన్యుషెన్నయ కూడలిలో ఉంది. నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. భారతీయులకు 2023 నుంచి రష్యా ఈ-వీసా అందుబాటులో ఉంది. బయలుదేరేముందు పనివేళలు చూసుకోండి. తోడుగా ఒకరిని తీసుకెళ్లడం మరవకండి, ‘బాస్కెట్‌బాల్’ యంత్రం ముందు ఇద్దరు నిలబడాలి.