ఎడిటర్ కష్టమైనదా, సులువైనదా? ఎన్నేళ్లు వాడతారో చూసి తేల్చుకోండి

మా పొందూరు ఖద్దరు గురించి వినే ఉంటారు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద నూలు వడుకుతారు. కొత్తగా కూర్చున్నవాళ్ల చేతిలో పోగు మాటిమాటికీ తెగిపోతుంది. చెయ్యి తిరిగినవాళ్లు అదే రాట్నం మీద 100 కౌంటు సన్న నూలు తీస్తారు. అలాగని చొక్కాకి బొత్తాం కుట్టుకోవడానికి ఎవరూ రాట్నం నేర్చుకోరు. దారపుండ కొనుక్కుంటే సరిపోతుంది.

కోడ్ రాసే ఎడిటర్ల సంగతీ ఇంతే. "అన్నా, వీఎస్ కోడ్ ఉండగా విమ్ నేర్చుకోవాలా?" అని జూనియర్లు తరచూ అడుగుతుంటారు. ఎడిటర్ గొప్పదా కాదా అన్నది తర్వాత చూద్దాం. ముందు మీరు రోజుకి ఎన్ని గంటలు, ఇంకా ఎన్నేళ్లు కోడ్ రాయబోతున్నారో ఆలోచించండి.

ఆ నల్ల తెర వెనక కథ

విమ్‌కి మూలం వీఐ. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదువుతూ బిల్ జాయ్ 1976లో దాన్ని రాశారు. ఇంటి దగ్గర ఆయన వాడిన మోడెమ్ సెకనుకి దాదాపు 30 అక్షరాలు మాత్రమే పంపగలిగేది. తెర నిండా మెనూలు గీస్తే పని ముందుకు సాగదు. అందుకే ఆదేశాలన్నీ ఒకటి రెండు అక్షరాలకు కుదించారు. అదే పద్ధతిలో బ్రామ్ మూలెనార్ 1991లో విమ్ విడుదల చేశారు.

ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. విమ్ తెరిచి టైప్ చేస్తే అక్షరాలు పడవు. ప్రతి అక్షరమూ ఒక ఆదేశమైపోతుంది. 'ఐ' నొక్కితే రాయనిస్తుంది. విమ్ నుంచి బయటపడటం ఎలాగన్న ప్రశ్నను స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017 నాటికే 10 లక్షల సార్లకు పైగా చూశారు. కాబట్టి ఇరుక్కున్నది మీరొక్కరే అనుకోకండి.

మరి అంత కష్టపడితే వచ్చేదేంటి? విమ్ ఆదేశాలకు ఓ చిన్న వ్యాకరణం ఉంది. 'డి' అంటే తీసెయ్, 'సి' అంటే మార్చు. 'డబ్ల్యూ' అంటే పదం. 'డి, డబ్ల్యూ' నొక్కితే పదం పోతుంది. 'డి, ఏ, పి' నొక్కితే పేరా మొత్తం పోతుంది. చుక్క నొక్కితే చివరిగా చేసిన మార్పు మళ్లీ జరుగుతుంది. పది క్రియలు, పది కర్మలు వంటబడితే వంద పనులు చేతికొచ్చినట్టే. విడివిడిగా బట్టీ పట్టనక్కర్లేదు.

సులువును చిన్నచూపు చూడొద్దు

ఫస్టియర్‌లో పాయింటర్లతో కుస్తీ పడుతున్నప్పుడు ఎడిటర్‌తో కూడా కుస్తీ అంటే ఒకేసారి రెండు పరీక్షలు రాసినట్టు. అప్పుడు 2015లో వచ్చిన వీఎస్ కోడ్ లాంటిదే మేలు. మొదటి రోజే పని మొదలైపోతుంది. అందులో కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి కావలసిన పని పేరు టైప్ చేయండి. ఆ పని కనిపిస్తుంది, దానికి షార్ట్‌కట్ ఉంటే అదీ పక్కనే కనిపిస్తుంది. అంటే పని చేయిస్తూనే పాఠం కూడా చెబుతుందన్నమాట. నానో ఎడిటర్ కూడా ముఖ్యమైన షార్ట్‌కట్లను తెర అడుగునే చూపిస్తుంది.

చిక్కల్లా పాఠం కళ్లముందే ఉన్నా పట్టించుకోకపోవడంలో ఉంది. నాలుగేళ్ల తర్వాత కూడా ప్రతి పేరూ మౌస్‌తో వెతికి ఒక్కొక్కటిగా మారుస్తుంటే ఆ లోపం ఎడిటర్‌ది కాదు.

తెలుగు టైపింగ్‌లోనూ ఇదే లెక్క

ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడే ఫొనెటిక్ పద్ధతి మీకు తెలిసిందే. లేఖిని లాంటివి అలాగే పనిచేస్తాయి. ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అలా కాదు. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. మీటల స్థానాలు కొత్తగా నేర్చుకోవాలి. కానీ ఒకసారి వచ్చాక హిందీకీ కన్నడకూ ఆ స్థానాలే పనికొస్తాయి. వాట్సాప్ మెసేజ్‌కి ఫొనెటిక్ చాలు. డీటీపీ, అనువాదం మీ బతుకుతెరువు కాబోతుంటే ఇన్‌స్క్రిప్ట్ మీద పెట్టిన సమయం వృథా పోదు. ఈమ్యాక్స్ ఎడిటర్ తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతినీ ఇస్తుంది. ఏది కావాలో ఎంచుకోవడం మీ ఇష్టం.

ఉద్యోగంలో ఎక్కడ అవసరమవుతుంది?

ఉద్యోగంలో చేరాక లైనక్స్ సర్వర్ మీద పని పడొచ్చు. అక్కడ మౌస్ ఉండదు, మీకు నచ్చిన ఎడిటర్ వేసుకునే అనుమతీ ఉండకపోవచ్చు. వీఐ మాత్రం చాలా సర్వర్లలో ఉంటుంది. అర్ధరాత్రి ఒక్క లైను మార్చి సర్వీసు లేపాల్సి వస్తే ఆ నాలుగు ఆదేశాలే ఆదుకుంటాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకు ఇంకో లాభం. వీఎస్ కోడ్ లోపల ఒక బ్రౌజర్ ఇంజిన్ నడుస్తుంటుంది, విమ్‌కి ఆ బరువు లేదు.

నెల రోజుల్లో ఇలా చేయండి

- మొదటి వారం: విమ్‌తో పాటే వచ్చే 'విమ్‌ట్యూటర్' పూర్తిచేయండి. అరగంట పని. తెరవడం, రాయడం, సేవ్ చేయడం, బయటికి రావడం... ఈ నాలుగూ అందరికీ అవసరం.
- రెండు, మూడు వారాలు: వీఎస్ కోడ్‌లోనే విమ్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. రోజుకి ఒక్క ఆదేశం చాలు. వేరేవాళ్ల సెట్టింగుల ఫైలు తెచ్చి అతికించకండి. ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో మీకే తెలియదు.
- నాలుగో వారం: రోజూ చేసే పని ఒకటి రెండు పద్ధతుల్లోనూ చేసి చూడండి. చెయ్యి వేగం పెరిగితే కొనసాగించండి. పెరగకపోతే మొదటి వారం నేర్చుకున్నది ఉంచుకుని మిగతాది వదిలేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

సెమిస్టర్ పరీక్షలకో, ప్రాజెక్టు సబ్మిషన్‌కో వారం ముందు మాత్రం ఈ ప్రయోగం మొదలుపెట్టకండి. తీరిక ఉన్న ఆదివారం చూసుకోండి. విమ్ తెరిచే ముందు బయటికొచ్చే దారి ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి: ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్.