పేరు కొత్తగూడేనిది, బూడిద పాల్వంచది

ఎండాకాలం పాల్వంచలో మిద్దె మీద వడియాలు పెట్టాలన్నా, మిరపకాయలు ఆరబోయాలన్నా ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోవాలి. బూడిద చెరువు వైపు నుంచి వీస్తుంటే ఆ పూటకు ఆ పని మానుకోవడమే మేలు.

సింగరేణి బొగ్గు దగ్గర్లోనే ఉంది, కిన్నెరసాని నది మీద జలాశయం కట్టుకుంటే నీళ్ళకూ కొరత ఉండదు. ఆ లెక్కతోనే 1966లో ఇక్కడ కొత్తగూడెం థర్మల్ స్టేషన్ మొదలైంది. బొగ్గూ నీళ్ళూ కుదిరాయి గానీ, అడవీ గుట్టలూ చుట్టుకున్న చోట గాలి ఎలా నడుస్తుందో అప్పట్లో ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. మన బొగ్గు వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోల దాకా బూడిదే మిగులుతుంది. అందులో చాలా భాగాన్ని చిమ్నీ దాటకుండా యంత్రాలు పట్టేస్తాయి. పట్టిన బూడిదలో కొంత లారీల్లో సిమెంటు ఫ్యాక్టరీలకూ ఇటుక బట్టీలకూ పోతుంది, తక్కింది నీళ్ళతో కలిసి గొట్టాల్లో చెరువుకు చేరుతుంది.

చలికాలంలో కష్టం ఒక రకం. రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. తెల్లారగట్ల ఊరి మీద కనిపించే పొగమంచులో కట్టెల పొయ్యిల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, లారీలు లేపిన దుమ్ము చిక్కుకుని ఉంటాయి. చిమ్నీ పొగ మాత్రం అందులో తక్కువే. రెండు వందల మీటర్లు దాటిన చిమ్నీలు ఆ మూతకు పైనే పొగను వదులుతాయి. ఎండ ఎక్కి, నేల వేడెక్కి, కింది గాలీ పై గాలీ కలగలిసేటప్పుడే అది కిందికి దిగుతుంది. మంచు విడిపోయింది, ఇక ఫర్వాలేదు అనుకుని పిల్లల్ని బయటికి పంపే వేళ అది.

ఎండాకాలం వచ్చేసరికి గాలి బాగా కలగలుస్తుంది, చిమ్నీ పొగ చెదిరిపోతుంది. అప్పుడు చెరువు వంతు. పైపొర ఎండితే బూడిదకు బంక ఉండదు, మట్టిలా ముద్ద కట్టదు. ఈదురుగాలి ఒక్కటి చాలు, లేచి పక్క వాడల మీద పడుతుంది. నీళ్ళు చల్లుతూ ఉంటే ఆగుతుంది. కానీ ఇక్కడి ఎండలకు చల్లిన తడి ఎంతసేపు నిలుస్తుంది? వానలు పడితే గాలి కడుక్కుపోతుంది, ఊరికి ఊపిరాడుతుంది. ఆ నెలల్లో భయమంతా బూడిద నీళ్ళు వాగుల్లోకి పొర్లుతాయేమోనని.

ఇలా కాలాన్ని బట్టి, గాలి దిక్కును బట్టి బాధపడే వాడ మారిపోతుంది. ఒకరు దగ్గుతుంటే ఇంకొకరికి బాగానే ఉంటుంది. అందుకే ఊరంతా ఒకేసారి ఒకే మాట అనే రోజు రావడం కష్టం.

పాత యూనిట్లు 2020 నాటికి మూతబడ్డాయి. వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చారు. చూడటానికి ఘనమైన దృశ్యమే గానీ ఆ టవర్లు వదిలింది నీటి ఆవిరి మాత్రమే. పాత యూనిట్లు పోసిన బూడిద ఎక్కడికీ పోలేదు. పైగా 2018లో మొదలైన 800 మెగావాట్ల యూనిట్ నడుస్తూనే ఉంది. చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను కూడా వాడి తీరాలని కేంద్రం 2021 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. తవ్వి తీస్తే అదీ లారీల మీదే పోవాలి, ఈ రోడ్ల మీదే.

ఇంత జరుగుతున్నా, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి గానీ పాల్వంచ లేదు. దుమ్ముకు మన దేశంలో పెట్టుకున్న రోజువారీ హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అదీ 24 గంటల సగటు మీద. ఏప్రిల్ సాయంత్రం అరగంట వీచిన బూడిద ఆ సగటులో కలిసిపోయి హద్దు దాటనట్టే కనిపించవచ్చు. కాబట్టి కొలిచే యంత్రం చెరువు గట్టు పక్క వాడలో ఉండాలి. అది గంట గంటకూ చూపే అంకె ఆ వాడ జనానికి కనబడాలి.