ముప్పై రోజుల సెలవు: కలెక్టరుకీ, కార్మికుడికీ

షార్జా శివార్లలోని సజ్జా పారిశ్రామికవాడ లేబర్ క్యాంపుల్లో తెలుగు కార్మికులూ ఉంటారు. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండితే జీతంతో 30 రోజుల వార్షిక సెలవు వస్తుంది. మన ఐఏఎస్ అధికారికి ఏడాదికి దక్కే ఆర్జిత సెలవు కూడా 30 రోజులే!

తేడా నిల్వలో ఉంది. 1955 నాటి అఖిల భారత సర్వీసుల సెలవు నిబంధనల కింద జనవరి 1న 15, జులై 1న 15 రోజులు అధికారి ఖాతాలో పడతాయి. అలా 300 రోజుల దాకా కూడబెట్టి, పదవీ విరమణ నాడు నగదు చేసుకోవచ్చు. వీటికి తోడు ఏటా 20 రోజుల అర్ధజీతపు సెలవు. అయినా సెలవును హక్కుగా అడగడానికి లేదు. ప్రభుత్వ అవసరాలు అడ్డొస్తే పై అధికారి నిరాకరించవచ్చు.

సజ్జాలో సెలవు తేదీలను యజమాని పని అవసరాన్ని బట్టి ఖరారు చేస్తాడు, కనీసం నెల ముందు చెప్పాలి. రెండేళ్లకు మించి సెలవు వాడుకోనివ్వకుండా ఆపకూడదు.

అక్కడ జబ్బు చేస్తే? ప్రొబేషన్ దాటినవారికి ఏడాదికి 90 రోజులు: తొలి 15 పూర్తి జీతంతో, తర్వాతి 30 సగం జీతంతో, మిగతావి జీతం లేకుండా. అమ్మానాన్నలు పోతే 3 రోజులు, జీవిత భాగస్వామి పోతే 5 రోజులు సెలవు.