రైల్వేల పొదుపు... బడికి బరువు

ఖరగ్‌పూర్: రైల్వే వర్క్‌షాపును నమ్ముకుని తరలివచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇక్కడి రైల్వే పాఠశాలలు చిరకాలంగా ఒక ఆధారం. బడుల నిర్వహణ నుంచి రైల్వేలు వైదొలగాలని, ఉద్యోగుల పిల్లలకు ఇతర పాఠశాలల్లో చదువుకునేందుకు సాయమందిస్తే చాలునని బిబేక్ దేబ్రాయ్ కమిటీ 2015లో సిఫార్సు చేసింది. కాగితంపై ఇది పొదుపే.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు విద్యార్థులున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. అందులో ఒక పోస్టు భర్తీ కాకుంటే అన్ని తరగతులూ ఒక్కరి నెత్తిన పడతాయి. పైగా తెలుగు మాధ్యమంలో ఏర్పడిన ఖాళీని తెలుగు రాని ఉపాధ్యాయునితో పూరించలేరు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఉపాధ్యాయ పోస్టుల మంజూరు మాత్రం వేరే పద్దు.